గాటు పడిన వరస

మా పెరట్లో కొబ్బరాకులు మధ్యాహ్నం దాకా కదలవు. భోజనాలయ్యాక, గిన్నెలు కడిగి బోర్లించే వేళకి ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాయి. సముద్రపు గాలి వచ్చిందన్నమాట. ఊళ్ళోవాళ్ళకి అది హాయి. అరుగుల మీద చాపలు పడతాయి. ఒక ఏడు మాత్రం ఆ ఆకులు తిరగడం చూస్తే నేను చేతిలో పని వదిలేసేదాన్ని. ఆ గాలి మా పెరట్లోకి వచ్చేలోపే సరుగుడు తోటలోకి వెళ్ళి ఉంటుంది. తోటలో మావారు ఉంటారు.

ఆయన ఫారెస్టు గార్డు. తొంభైల్లో, మాకు పెళ్ళైన కొత్తలో, రాజోలు నుంచి సముద్రం వైపు వెళ్ళే బస్సు ఆఖరున ఆగే ఊళ్ళో అద్దె ఇల్లు తీసుకున్నాం. కోనసీమలో అడవేమిటని మా పుట్టింట్లో నవ్వారు. "అల్లుడుగారు కొబ్బరిచెట్లకి కాపలానా అండీ?" అని మా మేనమామ ఆయన్నే అడిగారు. ఇసుక దిబ్బల మీద ప్రభుత్వం వేసిన సరుగుడు తోటే ఆయన అడవి. తోటకి ఇవతల మా ఊరు. అవతల, సముద్రపు అంచున, చేపలు పట్టేవాళ్ళ పల్లె. రెండింటికీ మధ్య తోటలోంచి ఒక ఎడ్లబండి పట్టేంత దారి.

చెట్లు ముదిరాక తోటని ముక్కలు చేసి, ఏడాదికొక ముక్క పాట పెట్టేవారు. ఆ ముక్కని కూపు అంటారు. పాడుకున్న కంట్రాక్టరు చెట్లు కొట్టించుకుంటాడు. కొమ్మలు తీసిన దుంగలు, బాదులంటారు, లారీల మీద వెళ్ళిపోతాయి. ఖాళీ జాగాలో డిపార్టుమెంటు మళ్ళీ మొక్కలు వేస్తుంది. మేం వెళ్ళిన కొన్నేళ్ళకి, ఆ ఏడు, కూపు సరిగ్గా దారి పక్కన వచ్చింది.

అక్కడ కొట్టేవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. చెట్టు తర్వాత చెట్టు కూల్చుకుంటూ పోరు. పొద్దున్న గాలి లేనప్పుడు ఒక వరసలో ఉన్న చెట్లన్నిటికీ మొదళ్ళలో గాట్లు పెట్టేస్తారు. ఊరివైపు ఒక గాటు, సముద్రం వైపు కాస్త పైగా ఇంకో కోత. చెట్టు పడదు. మధ్యలో మిగిలిన చేవ మీద నిలబడి ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి అందుకోగానే, సముద్రం వైపు చివరన ఉన్న మొదటి చెట్టుని పూర్తిగా కొడతారు. అది రెండోదాని మీద పడుతుంది, రెండోది మూడోదాని మీద. సగం పని గాలే చేసిపెడుతుంది. అలా వరస మొత్తం పడటం ఒకసారి చూశాను. చప్పుడు వినపడేలోపే నా కాళ్ళకింద ఇసుక కదిలింది.

పల్లెవాళ్ళు కూపు ఆపించమని పైవాళ్ళకి అర్జీ పెట్టారు. వెనకటి తుఫానులో సముద్రం పైకొచ్చినప్పుడు వాళ్ళలో కొందరు ఆ చెట్లకి తాళ్ళతో కట్టుకుని బతికారు. చెట్లు పోతే ఇసుక నిలవదు, ఇసుక నిలవకపోతే పల్లె నిలవదు అని వాళ్ళ భయం. అర్జీ ఏ దారిన వెళ్ళిందో తెలియదు కానీ పని చేసింది. ఒకరోజు భోజనాల వేళకి నేను క్యారేజీ పట్టుకుని వెళ్ళేసరికి సెక్షన్ ఆఫీసరుగారి మోటారుసైకిల్ తోటలో ఉంది. తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా కూపు నిలిపివేయాలని ఆర్డరు. ఆయన కాయితం ఇచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు.

తాత్కాలికంగా ఆపడానికి కూడా నిబంధనలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఆ క్షణం నుంచి గొడ్డలి చెట్టుకి తగలకూడదు. పడిన చెట్టు పడినచోటే ఉండాలి. బండి లోపలికి రాకూడదు. గొడ్డళ్ళూ రంపాలూ సెక్షన్ ఆఫీసుకి చేర్చాలి. తిరిగి మొదలయ్యేదాకా గార్డు రోజూ అక్కడ ఉండాలి. మావారి మాటల్లో చెప్పాలంటే, ఎక్కడిదక్కడే.

మావారు ఈల వేశారు. కొట్టేవాళ్ళ మేస్త్రీ తలగుడ్డ విప్పుకుంటూ వచ్చాడు.

"ఆయ్, ఆపేమండీ. మరి గాట్లు పడ్డవో?"

"ఎక్కడివక్కడే."

వరస మొత్తానికి గాట్లు పడి ఉన్నాయి. దారి పొడుగునా, దారికి ఆనుకుని.

"గాలొచ్చే వేళండీ ఇది. ఆ మొదటి చెట్టొక్కటీ కొట్టనివ్వండి, మిగతావి అయ్యే పడిపోతాయి. ఎంతోసేపు పట్టదు."

"వద్దు."

"మేం ఆపేం సరేనండీ. గాలికి కూడా ఓ కాయితం ఇచ్చి రమ్మనండి మీ ఆఫీసరుగారిని."

కొట్టేవాళ్ళు పెద్దగా నవ్వారు. మావారూ నవ్వారు. నవ్వుతూనే గొడ్డళ్ళు ఒక్కొక్కటీ అందుకుని బండిలో వేయించారు.

ఆయన మొండితనానికి కారణం ఉంది. వేరేచోట ఇలాగే కూపు ఆపినప్పుడు, సగం కొట్టినవి పూర్తిచేసుకుంటామని కంట్రాక్టరు మనుషులు అడిగారట. అక్కడి గార్డు సరేనన్నాడు. పొద్దుగూకేసరికి కొట్టనివాటిని కూడా సగం కొట్టినవే అన్నారు. ఆ ముక్కలో నిలబడ్డ చెట్టు మిగల్లేదు. ఉద్యోగం గార్డుకి పోయింది. ఈ కథ నాకు మావారే రెండుమూడుసార్లు చెప్పారు. అందుకే నిబంధన తెలివితక్కువదని ఆ రోజు నేను అనుకోలేదు. చెట్లని కాపాడటానికి పుట్టిన నిబంధన అది. గాటు పడి నిలబడ్డ చెట్టు దాన్ని రాసినవాళ్ళ కళ్ళముందు లేదు, అంతే.

ఆ మధ్యాహ్నం గాలి వచ్చింది. చెట్లు ఊగాయి, పడలేదు. ఆయన దారికి రెండువైపులా బాదులు అడ్డం కట్టి, పల్లెవాళ్ళని ఒడ్డు వెంట చుట్టూ తిరిగి రమ్మన్నారు. పొద్దున్న గాలి లేనప్పుడు దారి వదిలేవారు. మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా తనే దారి మొదట్లో నిలబడేవారు. నిలబడితే పరవాలేదు. మధ్యమధ్యలో వరస పొడుగునా నడిచి ఒక్కో మొదలూ చూసుకుని వచ్చేవారు. కోత ఎంత తెరుచుకుందో చూడాలి కదా అనేవారు.

"చూసి ఏం చేస్తారండీ? కొట్టకూడదు కదా," అని అడిగాను.

"ఏ చెట్టు ముందు పడేలా ఉందో తెలిస్తే, ఆ దగ్గర ఎవర్నీ నిలబడనివ్వం."

"మీరో?"

"చెట్టు చెప్పకుండా పడదు. ముందు కిర్రుమంటుంది. పక్కకి తప్పుకోడానికి సరిపడా టైమిస్తుంది."

నేను నమ్మలేదు. నేను చూసిన రోజున చప్పుడు తర్వాత వచ్చింది. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే నిజమవుతుందేమోనని.

ఆఫీసరుగారిని ఆయన ఒకసారి కాదు, చాలాసార్లు అడిగారు. పోస్టాఫీసు నుంచి ఫోను చేశారు, సెక్షన్ ఆఫీసుకి సైకిలు మీద వెళ్ళారు. నిలబడ్డవాటిని మన సమక్షంలో కూల్పిద్దామన్నారు. ఆఫీసరుగారు చెడ్డవారేం కాదు. "ఆపమన్నారు, ఆపేం. పడగొట్టాలంటే పడగొట్టమని రావాలి. పైకి రాశాను. వచ్చేదాకా మనం వేలు పెడితే పల్లెవాళ్ళే మన మీద ఇంకో అర్జీ పెడతారు," అన్నారట. అదీ నిజమే. పల్లెలో కొందరు గొడ్డలి మాట ఎత్తితే ఊరుకునేలా లేరు.

ఆ రోజుల్లో నేను రాజోలు గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. మధ్యాహ్నాలు వాటికే. ఆ నెలల్లో పుస్తకం ఒళ్ళో ఉండేది, చూపు పెరటి తలుపులోంచి ఆకుల మీద ఉండేది. ఆకులు తిరగ్గానే లేచి వీధి గుమ్మంలోకి వెళ్ళేదాన్ని. అక్కడ చూడటానికి ఏమీ లేదు. దారి మలుపు కనపడేది. ఎవరైనా పరిగెత్తుకొస్తే ఆ మలుపులోంచే రావాలి. ఎవరూ రాకపోతే లోపలికి వచ్చి, కాసేపటికి మళ్ళీ వెళ్ళేదాన్ని. పక్కింటి పిన్నిగారు ఒకరోజు ఉండబట్టలేక అడిగేశారు: "కొత్తపెళ్ళికూతురువేం కాదు కదమ్మా, ఇంకా ఎదురుచూపులా?" నవ్వి ఊరుకున్నాను. చెట్లకి భయపడుతున్నానని చెప్తే అర్థం కాదు. మనిషి పాముకి భయపడతాడు, నీళ్ళకి భయపడతాడు. పగటిపూట, ఎండలో, నిలబడి ఉన్న చెట్టుకి ఎవరు భయపడతారు?

చీకటిపడ్డాక ఆయన సైకిలు చప్పుడు వినపడితే ఆ రోజుకి అయినట్టు. మర్నాడు మధ్యాహ్నం దాకా నేను మామూలు మనిషిని.

పల్లెలో ఒక ముసలావిడ ఉండేది. అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆవిడదే. చేపల గంప ఊళ్ళోకి తెచ్చేది, మా అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకునేది. మావారు కనపడితే వదిలేది కాదు.

"గార్డుగారండీ, ఈ చెట్లు మమ్మల్ని కాపాడతాయని అర్జీ పెట్టేం. ఇప్పుడు ఈటినుంచి మమ్మల్నెవరు కాపాడతారండీ?"

"ఇంకో అర్జీ పెట్టు మామ్మా."

"పెడతాను బాబూ. వేలికి సిరా ఇంకా ఆరలేదు." కాసేపు పొగ వదిలి, నావైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఆయన్ని ఆ మొదళ్ళ దగ్గర తిరగొద్దని చెప్పు తల్లీ. నిన్న చూసేను. నాకే భయమేసింది."

నాతోపాటు భయపడే మనిషి ఇంకొకరు ఉన్నారని తెలిసి నాకు ధైర్యం రావాలి. రాలేదు. అప్పటిదాకా ఇది నా పిచ్చేమో అనుకునే వీలుండేది.

తర్వాత బంగాళాఖాతంలో వాయుగుండం పడింది. రేడియోలో పొద్దుటినుంచి అదే. మర్నాటికి తుఫాను అన్నారు. ఎమ్మార్వో ఆఫీసు జీపు మైకుతో తిరిగింది. పల్లె ఖాళీ చేసి హైస్కూలుకి చేరమన్నారు. ఆకాశం బూడిదరంగుగా ఉంది, వాన ఇంకా మొదలుకాలేదు. ఆయన తెల్లారే వెళ్ళిపోయారు. వెళ్తూ, క్యారేజీ తేవద్దు, నేనే వస్తాను అన్నారు. నేను వంట చేశాను. పెరట్లోకి వెళ్ళాను. మధ్యాహ్నం ఇంకా చాలా దూరం ఉంది, ఆకులు అప్పటికే కదులుతున్నాయి. కానీ వెనక్కి కాదు, పక్కకి. గాలి తూర్పునుంచి వస్తోంది. వరసకి తూర్పున కొట్టేసిన ఖాళీ జాగా, పడమర దారి. ఇన్నాళ్ళూ గాలి వరస వెంబడి వచ్చేది. ఇప్పుడు చెట్లని దారి మీదకి నెడుతుంది. నేను చెప్పులు వేసుకోకుండానే బయల్దేరాను.

నేను వెళ్ళేసరికి పల్లె మొత్తం దారి అవతలి చివర ఆగి ఉంది. మూటలు, కోళ్ళు, చంకల్లో పిల్లలు. జ్వరంతో ఉన్న ముసలావిడని మంచంతో సహా మోసుకొచ్చారు. ఎవరూ దారిలోకి అడుగుపెట్టడం లేదు. ఒడ్డు వెంట వెళ్దామంటే సముద్రం అప్పటికే తోట మొదట్లోకి వచ్చేసింది. ఖాళీ జాగా ఊరివైపు చివర, పడినచోటే వదిలేసిన చెట్లతో మూసుకుపోయి ఉంది; నేను వాటి మీదుగా పాకి వచ్చాను, పిల్లలతో, మంచంతో అది కుదరదు. వరస ఊగుతోంది. మామూలుగా సరుగుడు చెట్టు ఊగితే కొస ఊగుతుంది. ఇవి మొదళ్ళ దగ్గరనుంచి ఊగుతున్నాయి.

ఆఫీసరుగారిని అడగమని పంపిన మనిషి తిరిగొచ్చి, పోస్టాఫీసు ఫోను పనిచేయడం లేదని చెప్పాడు. మావారు తలూపారు. తర్వాత పల్లెవాళ్ళవైపు వెళ్ళి అడిగారు: "గొడ్డళ్ళేమైనా ఉన్నాయా?"

"మీరే పట్టుకెళ్ళేరు కదండీ," అన్నాడొకడు. "మాయి కూడా."

నిజమే. ఎవరివైనా ఒకటేనని, పల్లెలో ఉన్న రెండు గొడ్డళ్ళు కూడా ఆ రోజు బండిలో వేశారు. సెక్షన్ ఆఫీసులో తాళం కింద ఉన్నాయి.

మంచం మీదనుంచి ముసలావిడ అరిచింది. "గొడ్డలెందుకురా? అలివి తాళ్ళు తెండి!"

అలివి వల అంటే ఒడ్డున నిలబడి ఊరంతా కలిసి లాగే పెద్ద వల. దాని తాళ్ళు చాలా పొడుగు. పల్లెలో ఆడా మగా అందరికీ ఆ లాగుడు తెలుసు. మగవాళ్ళు తాళ్ళు తెచ్చారు. తూర్పున ఖాళీ జాగాలో, చెట్టు పొడుగుకి రెండింతల దూరంలో నిలబడ్డారు. తాడు ఉచ్చుని పడవ గెడ కొసకి తగిలించి, పైకెత్తి చెట్టుకి వేయాలి. దానికి ఒకరు మొదట్లో నిలబడాలి. చాలామంది ముందుకొచ్చారు. మావారు గెడ ఎవరికీ ఇవ్వలేదు. "ఇది నా కూపు. పడగొట్టింది నేనని ఉండాలి," అన్నారు.

అప్పుడు నన్ను చూశారు. కోప్పడతారనుకున్నాను.

"వచ్చావు కదా, తాడు పట్టుకో," అన్నారు.

పట్టుకున్నాను. తాడు ఉప్పుతో గరుకుగా ఉంది. ముందు ఒకడు వల లాగే పదం అందుకున్నాడు, మిగతావాళ్ళు కలిశారు. మొదటి లాగుకి చెట్టు మావైపు వంగి విరిగింది. పోతూ పక్కనున్న మూడునాలుగింటిని తీసుకుపోయింది. పిల్లలు కేకలు వేశారు. ఆయన అప్పటికే మళ్ళీ వరసలోకి వెళ్ళారు. అలా వేయడం, పక్కకి పరిగెత్తడం, మేం లాగడం. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. నాకు ఆయన చొక్కా తప్ప ఏమీ కనపడలేదు.

చివర్లో ఒక చెట్టు సగం వంగి, పక్క చెట్టు పంగలో చిక్కుకుని ఆగిపోయింది. ఆ పక్క చెట్టుకీ గాటు ఉంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని దారి మీదకి వాలి ఉన్నాయి. తాడు దానికి వేయాలంటే వాటి కింద నిలబడాలి. పదం ఆగిపోయింది. వాన మొదలైంది. ఆయన గెడ తీసుకుని కిందకి వెళ్ళారు. ఉచ్చు ఒకసారి జారింది. మళ్ళీ ఎత్తారు. అప్పుడు కిర్రుమంది. ఆయన చెప్పిన చప్పుడు. నిజంగానే ముందు వచ్చింది. ఆయన కదల్లేదు. ఉచ్చు బిగిసేదాకా గెడ వదల్లేదు. నేను అరవాలనుకున్నాను. అరిస్తే ఇటు చూస్తారని అరవలేదు. నా ముందున్న ఆడమనిషి వీపు మీద నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నాను. తాడు లాగమని ఎవరో అరిచారు. లాగాను. ఇసుక కదిలింది.

కళ్ళు తెరిచేసరికి ఆయన దారి అవతల కూర్చుని దగ్గుతున్నారు. ఒంటి మీద సరుగుడు ఆకు. గెడ ముక్కలైపోయింది. పల్లె దారిలోంచి నడిచి వెళ్ళింది. ముసలావిడ మంచం ఆయన పక్కన ఆపించింది. "దెబ్బలేం తగల్లేదుగా బాబూ?" అంది. లేదన్నారు. "అయితే లేచి నా మంచం పట్టు. ఈళ్ళకి భుజాలు పోయేయి." ఆయన లేచి మంచం పట్టారు.

తుఫాను మా దగ్గరికి రాలేదు. పైకి, ఉత్తరంగా వెళ్ళిపోయింది. మాకు వాన, పడిపోయిన కొన్ని కొబ్బరిచెట్లు, అంతే. మర్నాటి సాయంత్రానికి పల్లెవాళ్ళు ఇళ్ళకి వెళ్ళారు. రాని తుఫానుకి చెట్లు కూల్చారని మాట పుట్టింది. కంట్రాక్టరుతో కుమ్మక్కని కూడా అన్నారు. విచారణకి వచ్చినాయన ఒక్కటే అడిగారట: ఆ చెట్లు తప్పకుండా పడేవని ఎలా చెప్పగలరు? చెప్పలేనని మావారు ఒప్పుకున్నారు. కొంతకాలం సస్పెండు చేశారు. కాయితం చదివి, "చెట్లకొచ్చిన ఆర్డరే నాకూ వచ్చింది. తదుపరి ఉత్తర్వుల వరకు," అన్నారు. ఇంట్లో బియ్యానికి ఇబ్బందయింది. అయినా ఆ నెలలు నాకు బాగా గడిచాయి. మధ్యాహ్నం ఆకులు తిరిగేవి. ఆయన అరుగు మీద నిద్రపోతూ ఉండేవారు.

ఉద్యోగంలోకి తిరిగి తీసుకున్నారు. వేరే సెక్షన్లు తిరిగాం, మళ్ళీ ఈ ఊరికే, ఆ ఇంటికే వచ్చి స్థిరపడ్డాం. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి ఆయన పోయారు. చెట్టు వల్ల కాదు. షుగరు, తర్వాత కిడ్నీలు. అమలాపురం ఆసుపత్రిలో ఆఖరి వారాలు ఆయన పక్కనే ఉన్నాను. అక్కడ నాకు భయం వేయలేదు. డాక్టర్లు చెప్పింది అర్థమైంది, జరగబోయేది తెలుసు. బాధ వేరు, అది ఇప్పటికీ ఉంది. భయం మాత్రం అంతా ఆ తోటలోనే ఖర్చయిపోయిందేమో అనుకున్నాను.

పదోరోజున మేస్త్రీ వచ్చాడు. ముసలివాడైపోయాడు. అరుగు కింద నిలబడి తలగుడ్డ చేతిలో పట్టుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అప్పట్నుంచీ మేం వరసకి గాట్లు పెట్టడం మానేసేమండీ. ఒక చెట్టు మొదలెడితే అది పడ్డాకే ఇంకోటి. పని సాగదండీ, కంట్రాక్టర్లు తిడతారు. తిట్టనీండి. ఎప్పుడాపమంటారో తెలీదు కదండీ."

"ఆయనకి తెలుసా ఈ సంగతి?"

"ఆయ్. చెప్పేను. ఓసారి మా కూపుకొచ్చి మొదళ్ళన్నీ చూసుకున్నారండీ. వెళ్తూ నా భుజం మీద చెయ్యేసేరు."

ఆయన ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. చెప్తే మళ్ళీ మొదళ్ళ దగ్గర తిరుగుతున్నారని నాకు తెలిసిపోతుందని కాబోలు.

మేస్త్రీ వెళ్ళాక చుట్టాలు భోజనాలకి కూర్చున్నారు. నేను పెరట్లో గిన్నెలు సర్దుతున్నాను. ఆకులు తిరిగాయి. చేతిలో గిన్నె దింపి, గబగబా ఇల్లు దాటి వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. దారి మలుపు ఖాళీగా ఉంది. పక్కింటి పిన్నిగారు అరుగు మీదనుంచి చూశారు. ఈసారి లేచి వచ్చి, నా పక్కన నిలబడ్డారు.